లోపం లేదు

టైలరమ్మ షాపులోకి వచ్చినప్పుడు ఆమె మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీసి రావడం మర్చిపోయింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాయితం ఉంది. కౌంటరు వెనకున్న యజమాని ఆ టేపునీ ఆ కాయితాన్నీ చూసి, ఏదో పాత రేడియో బాగుచేయించుకోడానికి వచ్చిందనుకున్నాడు.

"రిపేర్లయితే పక్క సందులోంచి రావాలండీ" అన్నాడు.

"రిపేరు కాదు. ట్యూబులుండే యాంప్లిఫయర్ కావాలి. స్పీకర్లు ఇంట్లో ఉన్నాయి. వాటికి సరిపడేది చూసి తీసుకెళ్దామని."

యజమాని గొంతులోకి మర్యాద వచ్చేసింది. స్టూలు జరిపాడు, ఫ్యాను వేశాడు, లోపలికి తిరిగి "మాస్టారూ" అని పిలిచాడు.

మాస్టారు ఏనాడూ బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. ఆ షాపులో ముప్పై ఒక్కేళ్ళుగా ఆయన పని వినడం. ఏ యాంప్లిఫయర్‌కి ఏ స్పీకరు జోడీ కుదురుతుందో, దేనికి దేనితో పొసగదో విని చెప్పడం. ఇప్పటి యజమాని నిక్కర్లేసుకు తిరిగేనాటికే ఆయన అక్కడ ఉన్నాడు. ఎక్కడెక్కణ్ణుంచో వచ్చేవాళ్ళు కూడా "మాస్టారేమన్నారు" అని అడిగాకే పెట్టె కట్టించుకునేవాళ్ళు. వినే గదిలో గోడలకి మందపాటి తెరలు, నేలకి తివాచీ, నట్టనడుమ ఒక కుర్చీ. ఆ కుర్చీలో ఆయన కళ్ళు మూసుకుని, గడ్డం కాస్త పైకెత్తి కూర్చున్నాడంటే యజమాని సైతం దగ్గు ఆపుకునేవాడు.

"ఏం స్పీకర్లమ్మా మీవి?" అన్నాడు మాస్టారు.

ఆమె కాయితం మడతలు విప్పింది. "సినిమా హాల్లోవండీ. మా అన్నయ్య అక్కడ ఆపరేటరు. హాలు పడగొట్టేటప్పుడు ఇవి రెండూ మోయించుకొచ్చాడు. బీరువాలంత ఉంటాయి. లోపల కాయితం కోను, పైన రేకు బూర. వెనక పదహారు ఓములని రాసుంది."

"అవి గట్టి గొంతువి. చిటికెడు పవరిచ్చినా గదంతా నింపేస్తాయి. వాటికి పెద్ద యాంప్లిఫయర్ అక్కర్లేదు" అన్నాడు మాస్టారు, తెలిసిన సంగతి కాబట్టి నోటికి వచ్చేసినట్టు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. ఆ నెలలో వచ్చిన కొత్త మోడలు, నాలుగు లావుపాటి ట్యూబులూ మెరిసే ముందు పలకా ఉన్నది, అద్దాల బీరువాలో వెలుగుతూ ఉంది. దాని పక్కనే అడుగు అరలో బూడిదరంగు రేకుతో ఒక చిన్న యాంప్లిఫయర్ ఉంది. రెండే ట్యూబులు, ఎనిమిది వాట్లు. టైలరమ్మ వంగి దాని వెనక వైపు చూసింది.

"దీనికి తీగ బిగించే చోట పదహారు అని రాసిన బొడిపె ఉందే, మా స్పీకర్ల లెక్కే" అంది.

"అది పాత రకమండీ. చూపుకి ఆనదు. ఈ కొత్తదాన్ని ఎనిమిది దగ్గర కలిపినా మీ స్పీకర్లు నడుస్తాయి. ఏం మాస్టారూ?"

"నడుస్తాయి" అన్నాడు మాస్టారు.

"ప్యాంటు పొడవైతే మడిచి తొడుక్కున్నా నడుస్తుందండీ" అంది టైలరమ్మ. "మా దగ్గరికి రానక్కర్లేదు."

మాస్టారు నవ్వాడు. నవ్వి, వినిపించమని వర్క్‌షాపు వైపు చెయ్యూపాడు. వెనక గదిలోంచి మెకానిక్ వచ్చింది. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు, వేళ్ళ చివర సోల్డరు పొగ మరకలు. షాపులో బాగుచేయాల్సినవన్నీ ఆమె బల్ల మీదికే చేరతాయి. ఆమె కొత్త మోడలుని ఒడుపుగా ఎత్తి వినే గదిలో పెట్టి, షాపు స్పీకర్లకి తీగలు బిగించింది. బిగించి వెళ్ళకుండా గుమ్మంలో ఆగింది.

"మాస్టారూ, ఈ మోడలు హాలు స్పీకర్లకి..."

"వైర్లు కలిపావుగా, ఇంక నువ్వెళ్ళు" అన్నాడు యజమాని. ఆమె వెళ్ళిపోయింది.

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. పాట మొదలైంది. ఆయన చూపుడువేలు మోకాలి మీద మెల్లగా కదిలింది. పాడే గొంతు నిండుగా, గదిలో మనిషి నిలబడి పాడుతున్నట్టు ఉంది. "ఇది తీసుకోండమ్మా" అన్నాడు కళ్ళు తెరిచి. టైలరమ్మకి కూడా బావున్నట్టే అనిపించింది. ఎదురుగా ముప్పై ఏళ్ళ అనుభవం కూర్చుని తలూపుతుంటే ఇంకేం మాట్లాడుతుంది. చిన్నదాని వైపు మరొక్కసారి చూసి, కాయితం మడతపెట్టి లోపల పెట్టుకుంది.

మూడోరోజు పొద్దున ఆమె ఫోను చేసింది. యాంప్లిఫయర్లో ఏదో కూస్తోందని చెప్పింది. మధ్యాహ్నం మాస్టారే స్వయంగా వెళ్ళాడు.

ముందు గదే ఆమె కుట్టు దుకాణం. కిటికీ పక్కన మిషను, దాని మీద పొట్టి చేయాల్సిన ప్యాంట్ల గుట్ట, జిప్పులు పోయిన కోట్లు, గోడకి మేకుల మీద వరసగా దారం రీళ్ళు. గదిలో సగం ఆ రెండు స్పీకర్లే ఆక్రమించాయి. వాటి నడుమ, బట్టలు కత్తిరించే బల్ల చివర, కొత్త యాంప్లిఫయర్ వెలుగుతోంది. లోపలి గుమ్మం దగ్గర వాలు కుర్చీలో ఆపరేటరు కూర్చున్నాడు. డెబ్బై దాటినవాడు, పక్కన చేతికర్ర.

"రండి మాస్టారూ. మీ పేరు నేను హాల్లో ఉన్నప్పుడే విన్నాను" అన్నాడు ఆపరేటరు.

టైలరమ్మ పాట ఆపేసింది. "ఇప్పుడు వినండి. పాట లేకపోయినా ఆగదు. సూది మొన పోయినప్పుడు మిషను ఒక చప్పుడు చేస్తుంది చూడండి, అలాంటిది. సన్నగా, దారంలా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను కదా, కణతలు లాగేస్తున్నాయి."

మాస్టారు ఎడమ స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రేకు బూరకి జానెడు దూరంలో చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వీధిలో వెళ్ళే బండి వినిపించింది. ఆపరేటరు ఊపిరి వినిపించింది. కింది కోనులోంచి పలచగా కరెంటు గుయ్యిమనడం వినిపించింది. అది ఏ ట్యూబు యాంప్లిఫయర్‌కైనా ఉండేదే. అంతకుమించి ఏమీ లేదు. కుడిదాని దగ్గరికి జరిగాడు. అక్కడా అంతే.

"నాకేం వినపడటం లేదమ్మా."

"నేనూ అదే అంటున్నా" అన్నాడు ఆపరేటరు. "ఏదో కూస్తోందని మూడు రోజులుగా ఇది నా ప్రాణం తీస్తోంది. ముప్పై ఏళ్ళు ప్రొజెక్టరు పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి, నాకు తెలీని చప్పుడా?"

"అన్నయ్యా, నువ్వు ఊరుకో."

"నేను ఊరుకుంటానే. మాస్టారు చెబుతున్నారుగా."

టైలరమ్మ ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు వినపడుతోంది కదండీ" అంది చివరికి. గొంతు పెంచలేదు.

మాస్టారు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. మంచిగానే చెప్పాడు. "కొందరికి చెవుల్లోనే హోరు ఉంటుందమ్మా. మిషను దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుంటారు కదా. ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. కంగారు పడాల్సిందేం లేదు."

సంచీలోంచి షాపు కార్డు తీశాడు. తేదీ వేసి, మోడలు పేరు రాసి, కింద గుండ్రటి అక్షరాలతో "లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాడు. టైలరమ్మ కార్డు చదివి, తన పేరు ఉన్న చోట తనూ సంతకం చేసింది. చేసి, కోటు భుజాల్లో కూరడానికి ఉంచుకున్న దూదిలోంచి రెండు ముక్కలు తుంచి, వేళ్ళ మధ్య నలిపి, రెండు చెవుల్లోనూ పెట్టుకుంది. పాట పెట్టింది. మిషను ముందు కూర్చుని ప్యాంటు అంచు సూది కిందికి తోసింది.

ఆయన వెళ్ళొస్తానన్నది ఆమెకి వినపడలేదు.

దారిలో ఆయనకి చిరాకు వేసింది, ఎవరి మీదో తెలీలేదు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. మర్నాడు పొద్దున లేచేసరికి గొంతులో గరగర. భార్య థర్మామీటరు తెచ్చి చంకలో పెట్టి, అది కూశాక తియ్యమని చెప్పి వంటింట్లోకి పోయింది.

మాస్టారు కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నాడు. పేపరు మొదటి పేజీ అయిపోయింది. రెండోదీ అయిపోయింది. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన్ని చూసి ఆగింది.

"ఇంకా పెట్టుకునే ఉన్నారా? అది కూసి ఎంతసేపైంది."

"కూసిందా?"

"వంటింట్లోకి వినిపించింది." ఆమె థర్మామీటరు లాగి, అంకె చూసి, విదిలించడానికి చెయ్యెత్తి, కొత్త రకానికి విదిలించనక్కర్లేదని గుర్తొచ్చి దించింది. "కొంచెమే ఉంది. మాత్ర వేసుకోండి."

"జలుబుకి చెవులు దిబ్బడేసినట్టున్నాయి" అన్నాడాయన.

ఆమె ఏమీ అనలేదు. అనకపోవడం ఆయనకి కొత్తగా ఉంది. అన్నిటికీ ఏదో ఒకటి అనే మనిషి.

"ఏంటి?"

"ఏం లేదు. కుక్కరు విజిలు మీరు లెక్కపెట్టడం మానేసి ఎన్నాళ్ళైంది? కింద బెల్లు మోగితే తలుపు ఎవరు తీస్తున్నారు?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు. నాలుగేమో." ఆమె పేపరు మడతపెట్టింది. "చెవుల మీద బతికే మనిషి కదా అని నోరెత్తలేదు. మాటలన్నీ బానే వినిపిస్తున్నాయి కదా. సన్నటివే పోయాయి. పోతే పోయాయనుకున్నా."

మాస్టారు మాత్ర వేసుకుని, చొక్కా తొడుక్కుని, మామూలు వేళ కన్నా గంట ముందే షాపుకి బయల్దేరాడు. భార్య ఆపలేదు.

ముందు తలుపు ఇంకా తీయలేదు. సందులోంచి వర్క్‌షాపులోకి వెళ్ళాడు. మెకానిక్ అప్పటికే బల్ల ముందు కూర్చుని, ఒక ట్రాన్స్‌ఫార్మరు చుట్టలోంచి కాలిపోయిన రాగి తీగ విప్పుతోంది. ఆయన ఆ గుమ్మంలోంచి రావడం చూసి లేచి నిలబడింది.

"కూర్చో అమ్మాయ్. ఆ శబ్దాల పెట్టె ఉంది కదా, మీట తిప్పితే సన్నంగా పలికేది. దాన్ని ఒకసారి స్పీకరుకి కలుపు."

"దేనికి మాస్టారూ?"

"నాకే."

ఆమె మరి అడగలేదు. పెట్టె కలిపింది. మాస్టారు గోడ వైపు తిరిగి స్టూలు మీద కూర్చున్నాడు. వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచుతానన్నాడు. కింది నుంచి మొదలుపెట్టింది. గోడలో మోగినట్టు లావుపాటి శబ్దం. తర్వాత వేణువంత. ఆ తర్వాత ఈలంత. ఆయన చెయ్యి నిటారుగా ఉంది. ఈల ఇంకా సన్నబడింది, ఇంకా, దూరంగా వెళ్ళిపోతున్నట్టు, ఉండీ లేనట్టు. చెయ్యి దించాడు. కాసేపు ఆగాడు.

"పెట్టు, తర్వాతది పెట్టు" అన్నాడు.

జవాబు రాకపోతే వెనక్కి తిరిగాడు. ఆమె ఒక చేత్తో మీట పట్టుకుని, రెండో చేతి వేలు చెవిలో పెట్టుకుని ఉంది. మొహం చిట్లించింది. శబ్దం పలుకుతూనే ఉంది.

"మీట ఎంత దగ్గరుంది?"

"ఎనిమిది వేల హెర్ట్జులు. మీరు చెయ్యి దించింది మూడున్నర వేల దగ్గర." ఆమె పెట్టె కట్టేసింది.

"ఆ టైలరమ్మ చెప్పే కూత ఎక్కడుంటుంది?"

"తొమ్మిది వేల దగ్గర" అంది ఆమె తడుముకోకుండా. "ట్యూబుల్లోని ఫిలమెంట్లు వేడెక్కించడానికి అందులో చవకరకం బోర్డు వేశారు. అదే కూస్తుంది. మన షాపు స్పీకర్లు మొద్దువి, కూతని మింగేస్తాయి. హాలు స్పీకర్లు మింగవు, ఉన్నదున్నట్టు కక్కేస్తాయి."

"నీకు ముందే తెలుసా?"

ఆమె రాగి తీగని వేలికి చుట్టుకుంది. "నిరుడు ఇలాంటి బోర్డు ఉన్నదే ఇంకోటి వచ్చినప్పుడు చెప్పాను కదా మాస్టారూ. మీరు కుర్చీలో కూర్చుని విని, ఏమీ లేదన్నారు. అప్పట్నుంచే కదా మీరు వినేటప్పుడు నేను ఆ గదిలో ఉండకూడదన్నది."

ఆయనకి గుర్తుంది. ఆ రోజు తను నవ్వాడని కూడా గుర్తుంది.

యజమాని పదింటికి వచ్చాడు. మాస్టారు ఆయన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, దాచకుండా చెప్పాడు. బాబుగారూ, పై శబ్దాలు నాకు అందడం లేదు, ఆ కార్డు తప్పు, ఆమె యాంప్లిఫయర్ వెనక్కి తీసుకోవాలి అన్నాడు. యజమాని తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, కోపగించుకోనంటే ఒక మాట. జనం మీ చెవి కోసం రావడం లేదు. మీరా కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటారు చూడండి, దానికోసం వస్తున్నారు."

మాస్టారు తలుపు ఇంకాస్త దగ్గరగా వేశాడు.

"ఎవరికీ చెప్పకండి. మెకానిక్‌ని లోపల నిలబెడదాం, తీగలు చూసుకునే మనిషిలాగా. ఏదైనా తేడా ఉంటే అద్దాలు సవరించుకుంటుంది. మీరు చెప్పెయ్యండి. పనీ జరుగుతుంది, పేరూ ఉంటుంది. ఇక ఆ టైలరమ్మ సంగతంటారా, లోపం లేదని రాసిచ్చేశారు. అది అయిపోయింది."

అన్యాయంగానే ఉంది. కానీ ఆ మాటలు వింటుంటే మాస్టారుకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అది ఆయనే గమనించి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే సరేనన్నాడు. మెకానిక్‌ని పిలిచి చెబితే ఆమె కూడా సరేనంది. ఆ సరేలో ఏమీ లేదు, చెప్పిన పని చేసే మనిషి అనే సరే.

ఆ మధ్యాహ్నమే ఒక లాయరు వచ్చాడు. చిన్న గదికి చిన్న స్పీకర్లు, వాటికి తగ్గ ట్యూబు సెట్టు కావాలన్నాడు. మూడు జతలు వినిపించారు. రెండోదాని దగ్గర మెకానిక్ అద్దాలు సవరించుకుంది. "దీంట్లో పైన గరుకుంది" అన్నాడు మాస్టారు కళ్ళు మూసుకునే. లాయరు చెవులు రిక్కించి విని, అవునండోయ్ అన్నాడు. "మీ చెవే చెవి మాస్టారూ" అని చెయ్యి కలిపి, మూడోది రేపొచ్చి తీసుకెళ్తానని వెళ్ళాడు. మాస్టారు లాయరు కలిపిన తన చేతిని జేబులో పెట్టుకున్నాడు. మెకానిక్ తీగలు చుట్టుకుంటూ, ఆయన వైపు చూడకుండా, వర్క్‌షాపులోకి పోయింది.

మర్నాడు పదకొండింటికి షాపు ముందు ఒక వ్యాను ఆగింది. డ్రైవరూ టైలరమ్మా చెరోవైపు పట్టుకుని బీరువాలాంటి స్పీకరుని దింపారు. ఆమె నడుముకి చున్నీ బిగించి కట్టింది. యాంప్లిఫయర్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చింది. కార్డుని పైనే పెట్టింది.

"రెండూ తేవడం నావల్ల కాలేదు. ఒకటి చాలు" అంది. "ఇక్కడే, మీ గదిలోనే, మీ మనుషుల ముందే పెట్టి వినండి. లేదంటే లేదని చెప్పండి, పట్టుకుపోతాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. చెవులు బానే ఉన్నాయన్నాడు."

తన సెట్టు తీసుకెళ్ళడానికి వచ్చిన లాయరు అక్కడే ఉన్నాడు. అందువల్ల యజమాని కసురుకోలేకపోయాడు. "తప్పకుండానండీ. మాస్టారు మళ్ళీ వింటారు" అన్నాడు. వినే గదిలోకి వెళ్తూ మెకానిక్ పక్కకి వంగి, "దీనికి సైగ చెయ్యొద్దు" అన్నాడు మెల్లగా. ఆ మాట మాస్టారుకి స్పష్టంగా వినపడింది.

మెకానిక్ తీగలు బిగించింది. ట్యూబులు ఎర్రబడ్డాయి. ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. లాయరు గుమ్మంలో, యజమాని అతని పక్కన, టైలరమ్మ తన స్పీకరు మీద చెయ్యి వేసి. మాస్టారు కుర్చీలో కూర్చుని అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

చెవికి ఏదీ తగల్లేదు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఎరిగిన నిశ్శబ్దం, మెత్తగా, శుభ్రంగా ఉంది. ఇంత శుభ్రంగా ఉండకూడదని ఇప్పుడు తెలుసు.

వినపడుతోంది అనేస్తే సరిపోతుంది. ఆమె యాంప్లిఫయర్ని వెనక్కి తీసుకుంటారు, ఆమెకి న్యాయం జరుగుతుంది, లాయరు తల పంకిస్తాడు. తప్పు దిద్దుకున్న పెద్దమనిషి అనిపించుకుంటాడు తను. తొమ్మిది వేల దగ్గర ఉందని కూడా చెప్పొచ్చు. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటే ముక్క, తనకి వినపడిందన్నది, అది బయటివాళ్ళకి తెలీదు.

కళ్ళు తెరిచాడు. టైలరమ్మ కుడి కన్ను సగం మూసుకుపోయి ఉంది. మెకానిక్ దవడ బిగిసింది. గుమ్మంలో లాయరు కూడా, తెలిసో తెలీకో, చెవి వెనక గోక్కుంటున్నాడు. ఆ గదిలో వినేవాళ్ళ మొహాలు చూడటం ఆయనకి ఇదే మొదలు.

"నాకేం వినపడటం లేదు" అన్నాడు.

యజమాని ఊపిరి వదిలాడు. టైలరమ్మ చెయ్యి స్పీకరు మీంచి జారింది.

"మొన్న మీ ఇంట్లోనూ వినపళ్ళేదు. లోపం లేదని రాసింది అందుకు. నాకు పై శబ్దాలు వినపడవమ్మా. మూడు నాలుగేళ్ళయిందట. నాకు నిన్ననే తెలిసింది." ఆయన మెకానిక్ వైపు చెయ్యి చూపించాడు. "ఈ అమ్మాయికి వినపడుతుంది. నిరుడే చెప్పింది కూడా. లాయరుగారూ, నిన్న మీకు గరుకుందని చెప్పింది కూడా ఈ అమ్మాయే. నేను పైకి చదివానంతే."

 లాయరు మొహమాటంగా నేలకేసి చూశాడు. మాస్టారు లేచి కుర్చీ వీపు పట్టుకుని, మెకానిక్ వైపు తిప్పాడు.

"వచ్చి కూర్చో."

"నిలబడే వింటాను మాస్టారూ."

"నిలబడితే బూర ఎత్తు కుదరదు. కూర్చో."

ఆమె అంచు మీద కూర్చుంది. ఒక్క క్షణమే విని, "ఉంది" అంది. తర్వాత లేచి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, అద్దాల బీరువా అడుగు అరలోంచి బూడిదరంగుది ఎత్తుకొచ్చింది. మూత విప్పి ఒక ట్యూబు గట్టిగా నొక్కింది, దుమ్ము ఊదింది. స్పీకరు తీగని పదహారు అని ఉన్న బొడిపెకి చుట్టి బిగించింది. యజమాని ఏదో అనబోయి, లాయరు అక్కడే ఉండటం చూసి మానుకున్నాడు.

"పాట పెట్టమంటారా?" అన్నాడు మాస్టారు. మెకానిక్‌ని ఆయన 'అంటారా' అనడం అదే మొదటిసారి. ఇద్దరూ గమనించారు.

"వద్దు. ముందు ఉత్తదే విందాం."

ట్యూబులు వేడెక్కేదాకా ఆగారు. మెకానిక్ వింది. టైలరమ్మ స్పీకరు పక్కన గొంతుక్కూర్చుని వింది. చాలాసేపటికి తల ఎత్తి, "లేదు" అంది. మెకానిక్ కూడా "లేదు" అంది. అప్పుడు పాట పెట్టారు. చిన్నదే, రెండు ట్యూబులే, ఒకటే స్పీకరు. గొంతు కొత్తదాని అంత నిండుగా లేదు. కానీ పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట తీసుకుంటున్నారు. ఆ సంగతి మాస్టారుకి కూడా వినపడింది.  ఇది మీకు సరిపోయిందా అని మెకానిక్ అడిగితే, టైలరమ్మ పాట అయ్యేదాకా జవాబు చెప్పలేదు.

మాస్టారు కార్డు తీసుకుని, తను రాసిన రెండు మాటలూ కొట్టేసి, "లోపం ఉంది, నేను వినలేకపోయాను" అని రాసి, కింద మళ్ళీ సంతకం చేశాడు.

వ్యాను దాకా స్పీకరుని ఈసారి ఆయన ఒకవైపు పట్టుకున్నాడు. దాన్ని లోపలికి తోశాక టైలరమ్మ చున్నీ ముడి విప్పుకుంటూ అంది.

"వినపడకపోవడం తప్పు కాదండీ. మా అన్నయ్యకీ వినపడదు. కానీ నాకు చెవుల్లో హోరన్నారు చూడండి, రెండు రాత్రులు నేను కూడా అదే నిజమేమో అనుకున్నాను."

"తప్పేనమ్మా" అన్నాడు మాస్టారు.

ఆమె ఇంకేదో అంటుందని ఆగాడు. ఆమె చిన్న యాంప్లిఫయర్ని ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంది. వ్యాను వెళ్ళిపోయింది.

లాయరు తన సెట్టు తీసుకుని వెళ్ళాక యజమాని మాస్టారుని గదిలోకి పిలిచాడు. "మీ పేరు మీరే పాడుచేసుకున్నారు" అన్నాడు. కోపం కన్నా నిజమైన బాధే ఉంది గొంతులో.

"పాడైంది చెవి బాబుగారూ. పేరు దాని వెనకాల పోయేదే."

"రేపట్నుంచి ఏం చేద్దామని?"

"ఆవిణ్ణి విననివ్వండి. నేను కౌంటర్లో ఉంటాను. వద్దంటే ఇంట్లో ఉంటాను."

యజమాని చాలాసేపు తాళంచెవుల గుత్తిని అటూ ఇటూ తిప్పాడు.  మర్నాడు వర్క్‌షాపు బల్ల మీద రిపేర్లు తగ్గించాలి, మెకానిక్ ఇక వినే గదిలో ఉంటుందని యజమాని ఎవరితోనో ఫోనులో చెబుతుండగా మాస్టారు విన్నాడు. జవాబు అదేననుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున ఒక పెద్దాయన వచ్చాడు. చాలా దూరం నుంచి వచ్చినట్టు బట్టలు నలిగి ఉన్నాయి. కౌంటర్లో ఉన్న మాస్టారుని చూసి, ఇక్కడ విని చెప్పే మాస్టారు ఒకరుంటారట, వారిని కలవాలి అన్నాడు.

లోపల వినే గది తలుపు మూసి ఉంది. తెరల వెనక ఏదో మోగుతోంది. ఆ మోతలో తనకి అందే సగమే మాస్టారుకి అందింది.

"ఉన్నారండీ. ఇంకొకరితో ఉన్నారు, పది నిమిషాల్లో ఖాళీ అవుతారు. కూర్చోండి."

పెద్దాయన స్టూలు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "ఆయన ఏమంటే అదేనట కదా. మా అల్లుడు చెప్పాడు."

"ఆయన కాదండీ" అన్నాడు మాస్టారు, ఫ్యాను ఆయన వైపు తిప్పుతూ. "ఆవిడ."

"ఆవిడా?"

"ఆవిడే" అన్నాడు మాస్టారు, మంచినీళ్ళ గ్లాసు అందించాడు.